ఎండబెట్టి కూల్చేస్తారా?

శాన్‌ఫ్రాన్సిస్కో ఎంబార్కడెరో ప్లాజాలోని వాయాంకూర్ ఫౌంటెన్‌ను విడగొట్టి తీసేయడానికి ఆ నగర కళల కమిషన్ 2025 నవంబరు 3న 8-5 ఓట్లతో ఒప్పుకుంది. ముక్కల్ని మూడేళ్లదాకా భద్రపరుస్తారట. ఆ తర్వాతేమిటో చెప్పే నాథుడు లేడు. విడగొట్టిన కాంక్రీటు మళ్లీ లేచి నిలబడుతుందంటే మేం నమ్మం.

క్యూబెక్ శిల్పి అర్మాండ్ వాయాంకూర్ 1971లో నిలబెట్టిన ఈ కాంక్రీటు గొట్టాల శిల్పం మొదటినుంచీ చాలామందికి నచ్చలేదు. అందరికీ నచ్చాలనీ లేదు. కానీ జనం దాని లోపలికి నడిచివెళ్లి, పడుతున్న నీటి వెనక నిలబడేవారు. 1989 భూకంపానికి పక్కనున్న ఫ్రీవే (స్తంభాల మీద కట్టిన రోడ్డు) దెబ్బతింటే 1991లో దాన్ని కూల్చారు. ఫౌంటెన్ మాత్రం నిలిచింది.

తుప్పు, సీసం, ఆస్బెస్టాస్ ఉన్నాయనీ, బాగుచేయడానికి 2.9 కోట్ల డాలర్లు కావాలనీ పార్కుల శాఖ అంటోంది. జనం భద్రత చిన్న విషయం కాదు, నిజమే. అయితే తుప్పు రాత్రికి రాత్రే పట్టిందా? పంపులు చెడుతుంటే చూస్తూ కూర్చున్నదెవరు? 2024లో నీరు పూర్తిగా ఆగింది. పక్కనున్న ఆఫీసు భవనాల యజమానులతో కలిసి అక్కడ కొత్త పార్కు కట్టే ఆలోచన అదే ఏడాది బయటికొచ్చింది. ప్రమాదమన్న నివేదిక, చుట్టూ కంచె 2025లో వచ్చాయి. ఈ వరుసే మా అభ్యంతరం. పాడుపడనిచ్చినవాళ్లే పాడైందని తేల్చారు, పాడైందని తేల్చినవాళ్లే తీసేయమన్నారు.

దీన్ని ఒప్పుకుంటే రేపు ఏ ఊళ్లోనైనా నచ్చని కట్టడాన్ని వదిలించుకోవడానికి మరమ్మతు మానేస్తే చాలు. వాననీరు వార్డుల్లోకి వచ్చాక 2020లో ఉస్మానియా ఆసుపత్రి పాత భవనానికి తాళం వేసినప్పుడు హైదరాబాద్‌లోనూ శిథిలమైందన్న మాటే విన్నాం. శిథిలమయ్యేదాకా ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న అక్కడా గట్టిగా వినపడలేదు. పాడుపడనివ్వడం కూడా కూల్చడమే.

శిల్పి వాయాంకూర్ 95 ఏళ్ల వయసులో, 2025లో స్వయంగా వచ్చి తన పనిని ఉంచమని అడిగాడు. కమిషన్‌లో ఐదుగురికి తట్టిన అనుమానం మిగతా ఎనిమిదిమందికి ఎందుకు తట్టలేదు? వాళ్లు సిగ్గుపడాలి. 1971 నుంచి ఈ ఫౌంటెన్ నిర్వహణకు ఏ ఏడు ఎంత ఖర్చుపెట్టారో పార్కుల శాఖ బయటపెట్టాలి. ఆ లెక్క జనం ముందుకు రాకుండా ఒక్క గొట్టాన్నీ కదపడానికి వీల్లేదు.