కట్ట కన్నా ఎత్తైన బర్రె

పెన్న ఒడ్డున పొర్లుకట్టకో, రక్షణ గోడకో శంకుస్థాపన అంటే చాలు, శిలాఫలకం పక్కన బల్ల మీద ఒక గాజు పెట్టె వెలుస్తుంది. లోపల థర్మాకోల్ గట్లు, నీలం రంగు పూసిన ఏరు, పచ్చరంగు అద్దిన రంపపు పొట్టు పొలాలు. పైన చీటీ: ‘హైడ్రాలిక్ మోడల్’. స్విచ్చి నొక్కితే చేపల తొట్టి మోటారు గుర్రుమంటుంది, నీళ్లు పాకుతాయి, పెద్దలు చప్పట్లు కొడతారు. ఈ ఏటికి ఇంతవరకు ఒక్క గండీ పడలేదు. సంక్రాంతి బొమ్మల కొలువులో చెరువుకూ పడదనుకోండి, అది వేరే సంగతి.

ఇందులో శాస్త్రీయంగా పరిశీలించదగ్గది గట్టు మీది ప్లాస్టిక్ బర్రె. ఎత్తు 5 సెంటీమీటర్లు. పక్కన కట్ట 4 సెంటీమీటర్లు. ‘ఏంది సార్, కట్ట కన్నా బర్రె ఎత్తుగా ఉండాదే!’ అన్న రైతును వెనక్కి నెడతారు గానీ, ఆయన అడిగింది అచ్చమైన ఇంజనీరింగు ప్రశ్న: స్కేలెంత? నిజం బర్రె 1.25 మీటర్లు ఉంటుందనుకుని బర్రెనే నమ్మితే స్కేలు 1:25. అప్పుడు కట్ట ఒక్క మీటరు, 30 సెంటీమీటర్ల వెడల్పు పెన్న ఏడున్నర మీటర్ల పిల్లకాలువ. పోనీ కట్టను నమ్మి, అది 5 మీటర్లనుకుంటే బర్రె ఆరుంబావు మీటర్లు. ఇక కట్ట ఖర్చెందుకు? అలాంటి బర్రెల మందను ఏటి ఒడ్డున పడుకోబెట్టి, గడ్డికి టెండరు పిలిస్తే సరిపోతుంది.

మోటారు దగ్గరికొద్దాం. నదుల మోడళ్లు ఫ్రౌడ్ సూత్రం మీద నడుస్తాయి, అంటే కొలతలు తగ్గినంతగా వేగం తగ్గదు, దాని వర్గమూలమంతే తగ్గుతుంది. 1:50 స్కేలులో వేగం ఏడో వంతుకు తగ్గుతుంది, గంట వరద ఎనిమిదిన్నర నిమిషాల్లో అయిపోతుంది, ప్రవాహం దాదాపు 17,678 వంతుల్లో ఒక వంతవుతుంది. 5 లక్షల క్యూసెక్కులు చూపాలంటే సెకనుకు 800 లీటర్లు పొయ్యాలి. చేపల మోటారు గంటకు వెయ్యి లీటర్లు తోడినా, ఆ లెక్కన 173 క్యూసెక్కులు. బట్టలుతుక్కోవడానికి బాగుంటుంది. 1916లో మొదలై, ఇప్పుడు పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో ఉన్న కేంద్ర జల పరిశోధన కేంద్రంలో నదుల మోడళ్లను బల్ల మీద పెట్టకుండా షెడ్లలో, ఆరుబయట నేల మీద కట్టేది ఊరికే కాదు.

సరైన మోడల్‌లో సర్వే కొలతల ప్రకారం ఏటి అడ్డకోతల (ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు అడుగు ఆకారం) అచ్చులు నిలిపి, మధ్యలో ఇసుక నింపి ఏరు మలుస్తారు. ఎగువన నాచ్ (నీళ్లు కొలిచే గాడి పలక) మీదుగా నీళ్లు కొలిచి వదులుతారు, దిగువన తలుపుతో నీటి మట్టం నిలబెడతారు. కొత్త కట్ట ఊసెత్తకుండా ముందు పాత వరదను నడుపుతారు. ఊళ్లో గోడల మీది మరకలకూ మోడల్లో మట్టానికీ పొంతన కుదరకపోతే అడుగున గులకరాళ్లు చల్లో, తీసేసో గరుకు సరిచేస్తారు. అది కుదిరాకే కట్ట పెట్టి, తెగేదాకా నీళ్లు పెంచుతారు. తెగడమే మోడల్ ఉద్యోగం. మన గాజు పెట్టెలోది తెగితే వేరే వాళ్ల ఉద్యోగాలు పోతాయి.

మోడల్ కూడా అన్నీ చెప్పదు. అర మిల్లీమీటరు ఇసుకను 50 వంతులు చేస్తే ఒండ్రయి అతుక్కుపోతుంది. అందుకే తేలికైన బొగ్గుపొడి లాంటివి వాడి, కోత లోతును కాస్త అనుమానంగానే చదువుతారు. కట్ట లోపల ఊరే నీరు ఇందులో అసలు కనపడదు, దానికి మట్టి పరీక్ష వేరే చెయ్యాలి.

ఇక రాళ్లు. కట్ట పాదం దగ్గర ఏప్రాన్‌గా పరిచిన రాయి, ఏరు అడుగు కోసినప్పుడు జారి ఆ వాలును కప్పాలి. రాయి చాలకపోయినా, తేలికైనా నీళ్లతో పోతుంది, వెనకాలే కట్ట పోతుంది. 40 కిలోల రాయి 1:50లో గ్రాములో మూడో వంతు, శనగగింజంత. 15 కిలోలదైతే కందిగింజంత. డ్రాయింగులో శనగ, ఏటి ఒడ్డున కంది, పైవరసలో మాత్రం ఫొటోకి నాలుగు శనగలు! దీనికి తోడు టెండరు ముందు, మోడల్ వెనక. తాళి కట్టాక జాతకాలు చూసినట్టు. ఆ జాతకమైనా థర్మాకోల్‌ది.

2021 నవంబరు 19న, పెన్నలో కలిసే చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ నీళ్లే పెన్న మీది సోమశిల జలాశయం మీదుగా నెల్లూరు మీద పడ్డాయి. నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయాయి. ఒడ్డున ఇల్లిల్లూ బురద ఎత్తిపోసుకుంది. గోడల మీద వరద తన మట్టం తానే గీసి వెళ్లింది, ఒక్క టేపు చాలు కొలవడానికి. సున్నం కొట్టుకున్నాక ఆ గీత ఎవడిస్తాడు? ఇన్ని చూశాక కూడా జనం ముందు చేపల మోటారు తిప్పి పరీక్షయిందని చెప్పడానికి నోరెలా వస్తుంది? సిగ్గనిపించదూ?

సరే, శాంతం. వచ్చే శంకుస్థాపనకు పెట్టె మళ్లీ వస్తుంది. రైతు అభ్యంతరాన్ని సానుభూతితో పరిశీలించి థర్మాకోల్ కట్టను 6 సెంటీమీటర్లకు పెంచుతారు. బర్రె మాత్రం అదే.