ఆ బౌన్సర్‌కి రాయల్టీ ఏది?

సంగీత చరిత్ర రాసేవాళ్ళకి ఒక దురలవాటు ఉంది. పాట ఎవరు రాశారు, ఎవరు పాడారు అని కూపీ లాగుతారు గానీ, ఆ పాట రాయక తప్పని పరిస్థితి కల్పించిన మహానుభావుణ్ణి పట్టించుకోరు. కెనడా బృందం ‘మెన్ వితౌట్ హ్యాట్స్’ 1982లో తెచ్చిన ‘రిథమ్ ఆఫ్ యూత్’ ఆల్బమ్‌లో ‘ద సేఫ్టీ డాన్స్’ అనే పాట ఉంది. రచయితగా ఇవాన్ డొరోషుక్ పేరు వేశారు. అసలు కారకుడు మాత్రం ఒక క్లబ్బులో డ్యూటీ చేసుకుంటున్న బౌన్సర్.

డిస్కో పోతూ, న్యూ వేవ్ అనే కొత్త రకం పాప్ సంగీతం వస్తున్న రోజులవి. డిస్కోలో ఒక పద్ధతుండేది. నడుము తిప్పుతారు, వేలు పైకి చూపిస్తారు, జుట్టు చెదరకుండా ఇంటికి పోతారు. మధ్యలో డీజే ఒక న్యూ వేవ్ పాట వేశాడా, కుర్రకారు పోగో అందుకునేది. పోగో పెద్ద విద్యేం కాదు. నిటారుగా నిలబడి ఉన్నచోటే గెంతడం, అంతే. పక్కవాడూ గెంతుతాడు కనక భుజాలు తగులుతాయి, తగిలాక ఒకరి మీద ఒకరు పడతారు. దూరం నుంచి చూసేవాడికి అది డాన్సో, తన్నులాటో తెలియదు. తెలుసుకునేందుకు బౌన్సర్‌కి జీతమూ ఇవ్వరు. ఇవాన్‌ని బయటికి సాగనంపారు. ఆ ఉక్రోషంలోంచి పాట పుట్టింది.

ఆ రాత్రి ఆ బౌన్సర్ ‘పోనీలే, కుర్రాడు, గెంతనీ’ అనుకుని ఉంటే ఏమయ్యేది? ఇవాన్ తెల్లవార్లూ గెంతి, మోకాళ్ళకి బామ్ రాసుకుని పడుకునేవాడు. పాటకి వస్తువు ఇచ్చింది బౌన్సర్. విలన్‌గా నిలబడింది ఆయనే. ‘సేఫ్టీ’ అన్న మాట పుట్టింది ఆయన పుణ్యమే. పైగా బౌన్సర్ అంటేనే ఎగిరేది కదా, క్రికెట్ చూసేవాళ్ళకి కొత్తగా చెప్పాలా? ఎగరడమే బిరుదుగా పెట్టుకుని, తాను ఒక్క అంగుళం ఎగరకుండా, ఎగిరేవాళ్ళని ఆపడమంటే ఎంత నిగ్రహం కావాలి!

ఈ బాధ నాకు తెలుసు. మా మేనకోడలి సంగీత్‌లో డీజే బాక్సుల దగ్గర నిలబడి, వైర్ల మీద ఎవరూ కాలు వేయకుండా చూసే బాధ్యత నాకు అప్పగించారు. మూడు గంటలు నిలబడ్డాను. ‘మావయ్యా, కాస్త జరుగు, ఫొటోలో అడ్డొస్తున్నావ్’ అంది పెళ్ళికూతురు. వీడియోలో నా మోచెయ్యి మాత్రం కనిపిస్తుంది.

ఇక పాట సంగతి. గెంతమని ఊరందరికీ చెప్పే ఇవాన్ గొంతు మాత్రం రేడియోలో వార్తలు చదివినంత గంభీరంగా ఉంటుంది. నిడివి పెంచిన వెర్షన్‌లోనైతే ఎస్, ఎ, ఎఫ్, ఇ, టీ, వై అని అక్షరం అక్షరం విడగొట్టి చెబుతారు, రోడ్డు భద్రతా వారోత్సవాల్లో బడిపిల్లల చేత చెప్పించినట్టు. అసలు భద్రత గురించి మాట్లాడే అర్హత వీళ్ళకుందా? మాంట్రియల్ చలికాలంలో నెత్తిన టోపీ పెట్టుకోకపోవడమే మా స్టైల్ అని, దాన్నే బృందానికి పేరుగా పెట్టుకున్నవాళ్ళు!

వీడియో దగ్గరికొచ్చేసరికి అన్యాయం పరాకాష్ఠకి చేరింది. రాత్రి క్లబ్బులో పుట్టిన గొడవని దర్శకుడు టిమ్ పోప్ పట్టపగలు, ఇంగ్లండ్‌లో విల్ట్‌షైర్ ప్రాంతపు వెస్ట్ కింగ్టన్ అనే పల్లెలో తీశాడు. పాతకాలపు దుస్తులు, రంగు రిబ్బన్లు కట్టిన స్తంభం చుట్టూ ఆటలు, బొమ్మలాట, చేతులతో ‘ఎస్’ ఆకారం చుట్టే జనం. బృందం నుంచి ఇవాన్ ఒక్కడే వచ్చాడు. బౌన్సర్‌ని పిలవలేదు. ఊరికి గుమ్మమే లేదు, గుమ్మం దగ్గర నిలబడేవాడితో ఏం పని అనుకున్నారు కాబోలు.

1983లో ఆ పాట హిట్ పాటల జాబితాల్లో అమెరికాలో 3వ స్థానానికి, బ్రిటన్‌లో 6వ స్థానానికి ఎక్కింది. ఎక్కాక జనం అర్థాలు వెతకడం మొదలెట్టారు. ఇది అణ్వాయుధాల మీద నిరసన అన్నారు కొందరు. సురక్షిత శృంగారం గురించన్నారు ఇంకొందరు. అవేవీ కావు మహాప్రభో, పోగో చేయనివ్వనందుకే రాశానని ఇవాన్ చెప్పుకోవాల్సి వచ్చింది. కానీ అణుబాంబు పక్కన నిలబెట్టాక బౌన్సర్ ఎవరి కంటికి ఆనతాడు?

నేనడిగేది ఆస్తిలో సగం కాదు. రికార్డు మళ్ళీ అచ్చేసినప్పుడు అట్ట వెనక, చిన్న అక్షరాలతోనైనా సరే, ‘మూలకథ: గుమ్మం దగ్గరాయన’ అని ఒక్క ముక్క. మన సినిమాల్లో టీ తాగుతూ ఒక లైను చెప్పినవాడికి కూడా కార్డు వేస్తారు కదా. బతికుంటే ఆయన ఈపాటికి రిటైరై ఉంటారు. ఎప్పుడైనా ఏ సూపర్‌మార్కెట్‌లోనో ఆ పాట వినబడి, చేతిలో పాల ప్యాకెట్‌తో తెలియకుండానే ఒక్క గెంతు గెంతితే, అక్కడి సెక్యూరిటీ కుర్రాడు వచ్చి ‘సార్, బయటికి నడవండి’ అనకుండా ఉంటే అదే పదివేలు.