ఆసుపత్రి స్టీలు కుర్చీ గారూ, మీ ఉద్యోగానికి ఢోకా లేదు

వెయిటింగ్ హాల్లో ముగ్గురేసి మనుషుల్ని ఒకే రాడ్డు మీద గంటల తరబడి కూర్చోబెట్టే స్టీలు కుర్చీ గారికి,

నమస్కారాలు. వైద్యం ఆసుపత్రి గేటు దాటి ఇంటింటికీ వెళ్లిపోతోందనీ, నర్సులు బ్యాగులు తగిలించుకుని బయల్దేరుతున్నారనీ, వ్యాన్లలో మందులు ఎక్కించేస్తున్నారనీ విని మీరు దిగులు పెట్టుకున్నారట. అనవసరమైన టెన్షన్. నాలుగు ధైర్యం మాటలు చెబుదామనే ఈ ఉత్తరం.

అసలు మీ వైద్యం గొప్పతనం ఎవరికి తెలుసు? మోకాళ్లు కదలని ముసలాయన మోకాళ్ల నొప్పి చూపించుకోవడానికి రెండు బస్సులు మారి, మెట్లెక్కి మీ దగ్గరికి రావాలి. వచ్చాడంటే మోకాళ్లు ఇంకా పనిచేస్తున్నట్టే లెక్క, రాలేకపోయాడంటే రిజిస్టర్లో పేరే ఉండదు కాబట్టి జబ్బే లేనట్టు. మందూ మాకూ లేకుండా జబ్బుల సంఖ్య తగ్గించే పద్ధతి ఇంతకన్నా ఏముంది! బీపీ సంగతి సరేసరి. ఇంట్లో మామూలుగా ఉండి డాక్టరు ముందు కూర్చోగానే పెరిగే బీపీ కొందరికి ఉంటుందని డాక్టర్లే చెబుతారు. దానికి తోడు మీ మీద కూర్చుని, టోకెన్ నంబరు ఎప్పుడు పిలుస్తారో అని చెవులు రిక్కించి, బాత్రూమ్‌కి కూడా లేవకుండా ఉన్నాక వచ్చే అంకె ఎలా ఉంటుందో వేరే చెప్పాలా.

మీ మీద కుట్ర ఇవాళ్టిది కాదు లెండి. గుండెపోటు వచ్చినవాళ్లు చాలామంది ఆసుపత్రికి చేరకముందే పోతున్నారని బెల్‌ఫాస్ట్‌లో ఫ్రాంక్ పాంట్రిడ్జ్ అనే డాక్టరు గుండెకి కరెంటు షాకిచ్చే మిషన్ డీఫిబ్రిలేటర్‌ని కారు బ్యాటరీలతో నడిచేలా చేసి 1966లో అంబులెన్సు ఎక్కించాడు. దాని బరువు దాదాపు 70 కిలోలు. రోగి వచ్చి కూర్చునేదాకా ఆగే మర్యాద లేకుండా, మిషన్ని మోసుకుంటూ ఎదురెళ్లడమేమిటండీ! 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా విజృంభించి సెలైన్ అయిపోవస్తుంటే, దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు ఉప్పు, గ్లూకోజ్, వంటసోడా కలిపిన నీళ్లు తాగించమని రోగుల బంధువుల చేతికే ఇచ్చేశాడు. దాదాపు 30 శాతం ఉన్న చావులు 4 శాతం లోపుకి దిగాయి.

ఆ తర్వాత జరిగింది ఇంకా ఘోరం. 1980 నుంచి బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ కార్యకర్తలు గడప గడపకీ తిరిగి, విరేచనాలైతే తాగించడానికి చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం నీళ్లలో ఎలా కలపాలో తల్లులకి నేర్పారు. వాళ్ల జీతం ఎలా కట్టారో తెలుసా? తర్వాత వేరేవాళ్లు వెళ్లి అడిగితే, చెప్పిందాంట్లో ఆ తల్లికి ఎంత గుర్తుందో దాన్ని బట్టి. ఈ లెక్క పొరపాటున మీ హాల్లోకి వస్తే ఏమవుతుందో ఊహించండి. చీటీ పట్టుకుని బయటికొచ్చిన మనిషిని ఆపి "ఏ మాత్ర ఎప్పుడు వేసుకోమన్నారు" అని అడిగి, దాన్ని బట్టి లోపలివాళ్లకి జీతం! మహారాష్ట్రలోని గడ్చిరోలిలో అయితే ఊళ్లోని ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి ఇళ్లలో పసిగుడ్డుల్ని కాపాడించారు. నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ అనే వైద్య పత్రిక అచ్చేసింది కూడా.

అన్నిటికన్నా నాకు నచ్చనిది, ఇంటికెళ్లిన నర్సు అక్కడున్నవన్నీ చూసేయడం. ఒకే మందు రెండు కంపెనీల పేర్లతో డబ్బాలో ఉంటుంది, పెద్దావిడ రెండూ వేసుకుంటుంది, కళ్లు తిరుగుతున్నాయంటే మీ దగ్గరికొచ్చాక మూడోది రాస్తారు. ఇన్సులిన్ కిటికీ పక్కన ఎండలో ఉంటుంది. మంచానికీ బాత్రూమ్‌కీ మధ్య గడప ఉంటుంది, పడితే తుంటి ఎముక విరిగేది అక్కడే. మధ్యాహ్నం మాత్ర ఇచ్చే కోడలు సాయంత్రం దాకా పనిలో ఉంటుంది కాబట్టి ఆ మాత్ర నెలల తరబడి ఎవరూ వేయలేదు. ఇవన్నీ తెలిసిపోతే మీ దగ్గరికి మళ్లీ మళ్లీ ఎవరొస్తారు? (ఆపరేషన్‌కీ, స్కానింగ్‌కీ వస్తారనుకోండి, దాన్నెవరూ కాదనరు. గొడవంతా డ్రెస్సింగ్ మార్చడానికీ, షుగర్ చూడడానికీ కూడా రమ్మనడం గురించే.)

అయినా దిగులొద్దని ఎందుకంటున్నానంటే, 1978లో అప్పటి సోవియట్ యూనియన్‌లోని ఆల్మా అటాలో దేశదేశాల వాళ్లు కూడి 2000 నాటికి అందరికీ ఆరోగ్యం అన్నారు. ఆ 2000 వచ్చి వెళ్లింది, మీరు కదల్లేదు. వ్యాన్ల సంగతి చూస్తే రిబ్బను కత్తిరించిన రోజు కనబడినంత జోరుగా తర్వాత కనబడవు. ఒకసారి వచ్చి పదిహేను రోజుల మాత్రలిస్తారు, మళ్లీ వచ్చేది రెండు నెలలకి. ఈసారి వేరే డాక్టరు, పాత కాగితాలు ఉండవు, మళ్లీ మొదటి నుంచి పేరూ వయసూ. పైగా వ్యాన్ దిగ్గానే ముందు పరిచేది ప్లాస్టిక్ కుర్చీలు, అవి మీ తమ్ముళ్లే కదా.

ఒక్కటి మాత్రం కనిపెట్టి ఉండండి. ఇంటింటికీ తిరిగే ఆ మనిషికి సేవామూర్తి అని బిరుదిచ్చి, శాలువా కప్పి, భత్యం పేరుతో నాలుగు రాళ్లిచ్చినంత కాలం మీకేం కాదు. ఎవరైనా ఆవిడకి సరైన జీతం, మందుల స్టాకు, అవసరమైతే ఫోనెత్తే ఒక డాక్టరు ఇద్దామని ఫైలు పెడితే మాత్రం, ఆ ఫైలు తెచ్చినవాణ్ణి కూడా మీ మీద కూర్చోబెట్టి టోకెన్ ఇప్పించండి.

ఇట్లు,
ఇంకా పిలుపు రానివాడు