బాడుగ కట్టని బొద్దింకలు
కర్నూలు పాత అపార్ట్‌మెంట్లలో బొద్దింకలకు బాడుగ లేదు, అడ్వాన్సూ లేదు. ఓనరునడిగితే "స్ప్రే కొట్టుకోండి" అంటాడు. ఆ స్ప్రేతోనే వచ్చింది తంటా! కనబడిన నాలుగూ చస్తాయి, మిగతావి పైపుల సందుల్లోంచి పక్క పోర్షనుకు పోయి మళ్లీ వస్తాయి. చిన్న గోధుమరంగు రకమైతే ఒక్క గుడ్డుతిత్తిలోనే 30-40 పిల్లలు, ఆ తిత్తికి మందు సరిగా అంటదు. స్ప్రే కాదు, బొద్దింకలు తిని చచ్చే జెల్ మందు పెట్టాల: జొన్నగింజంత చుక్కలు, సింకు కింద, స్టవ్ వెనక, ఫ్రిజ్ మోటారు పక్కన, అల్మారా బందుల దగ్గర. దానిమీద స్ప్రే పడిందా, ఇక బొద్దింక ముట్టదు. రెండు వారాలకు మళ్లీ పెట్టాల. సింకు పైపు గోడలోకి పోయే బొక్కను తెల్లసిమెంటుతో మూయాల. ఒక్క పోర్షనులో చేస్తే ఏం లాభం? పైనా కిందా ఒకేసారి చేయించాల్సింది ఓనరు. ఆయనేమో బాడుగ పెంచేటప్పుడే మెట్లెక్కి వస్తాడు.