తెల్లమచ్చలకి తెల్లమందు

మొక్క ఆకు మీద తెల్లమచ్చ కనబడిందని చెబితే చాలు, మన వాళ్లు మచ్చను చూడకుండానే మందు చెప్పేస్తారు. మా అపార్టుమెంటు లిఫ్టులో ఎక్కినాయన నాలుగో అంతస్తు వచ్చేలోపు రెండు మందులు చెప్పి మరీ దిగుతాడు. ఏ మొక్క, మచ్చ ఆకు పైనా కిందా, చేత్తో తుడిస్తే పోతోందా లేదా... ఇలాంటివి అడిగితే మర్యాదగా ఉండదనుకుంటారో ఏమో, ఎవరూ అడగరు.

మా మామగారు ఈ విషయంలో అందరికంటే రెండాకులు ఎక్కువే చదివారు. రిటైరైన లెక్కల మాస్టారు. సంక్రాంతికి తెనాలి నుంచి నిజాంపేటలోని మా ఇంటికి వచ్చి, సంచీ దించీ దించకముందే బాల్కనీలోకి వెళ్లి, "అమ్మాయీ! మీ సొరపాదుకి తెగులే!" అని కేకేశారు. తీరా చూస్తే సొరపాదు ఒక్కటే కాదు. గుమ్మడి ఆకుల మీద వెండి రంగు మచ్చలు, మందారం కొమ్మల సందుల్లో దూది ఉండలు, కరివేపాకు మీద తెల్ల చుక్కలు. నాలుగు మొక్కలకీ ఒకేసారి తెల్లమచ్చలొచ్చాయి కాబట్టి నాలుగింటిదీ ఒకటే జబ్బని ఆయన తేల్చేశారు. గ.సా.భా. తీశారన్నమాట.

ఇక వైద్యం మొదలైంది. మొదట భోగి మంట బూడిద. సెల్లారు ముందు మిగిలిందంతా చేటలోకి ఎత్తించి, జల్లించి, ఆకాకుకీ అద్దారు. అది పండగ పూట ముగ్గుల మీదికి ఎగిరి పడిందని వాచ్‌మన్ గొడవ పెట్టుకుంటే, బూడిద మాని వంట సోడాకి మారారు. మందారం మీద చీమలు బారులు తీరి ఉండటం చూసి, అసలు దోషులు అవేనని చీమల చాక్‌పీసుతో కుండీ చుట్టూ, కాండం చుట్టూ గీతలు గీశారు. మజ్జిగ మాత్రం మా ఆవిడ పడనివ్వలేదు, ఇల్లంతా పులుపు కంపు కొడుతుందని.

ఒకరోజు మెడికల్ షాపుకి వెళ్లి, "తెల్లమచ్చలకి ఫంగస్ పౌడరు ఏదైనా ఇవ్వు బాబూ" అన్నారు.

"ఎవరికి సార్?"

"మందారానికి."

కుర్రాడు మందారం అంటే మనవరాలు అనుకున్నాడు కాబోలు, డబ్బా చేతిలో పెట్టి, "స్నానం చేశాక ఒళ్లు బాగా తుడుచుకుని రోజుకి రెండుసార్లు రాసుకోమనండి" అన్నాడు. మామగారు నమ్మకంగా మందారానికి స్నానం చేయించి, పాత తువ్వాలుతో తుడిచి, పౌడరు రాశారు. రెండు పూటలా.

ఇక్కడ ఒక చిక్కుంది. బూడిద తెలుపు, సోడా తెలుపు, చాక్‌పీసు తెలుపు, పౌడరు తెలుపు. కొన్నాళ్లకి రోగం ఎక్కడ ఆగి మందు ఎక్కడ మొదలయిందో చెప్పటం ఎవరి తరమూ కాలేదు. పొద్దున్నే బాల్కనీలోకి వచ్చి, "చూశావా బాబూ, ఇంకా ముదిరింది" అనేవారు మామగారు. ముదిరిందేమో, నాకు మాత్రం నిన్నటి సోడా లాగే కనిపించేది.

ఆ దశలో మా ఆవిడ ఫోనులో చూసి ఓ సంగతి చదివి వినిపించింది. 1999లో బ్రెజిల్‌లో వాగ్నర్ బెట్టియోల్ అనే శాస్త్రవేత్త, గుమ్మడి జాతి మొక్కల బూడిద తెగులు మీద ఆవుపాలు నీళ్లలో కలిపి చల్లి చూశారట. పదో వంతు పాలున్నా గుణం కనిపించిందట. నిజమే, ఆ పరిశోధనకి మంచి పేరే ఉంది. కానీ మామగారి మాస్టారి బుర్ర వెంటనే ఇంకో లెక్క కట్టింది. పదో వంతు పాలకే అంత గుణముంటే, పూర్తి పాలకి పది రెట్లు ఉండాలి కదా! లీటరు ప్యాకెట్ కత్తిరించి చుక్క నీళ్లు కలపకుండా స్ప్రేయర్లో పోశారు. ఆ పూట మాకు కాఫీ లేదు.

చల్లిన తర్వాత మిగిలిన పాలు స్ప్రేయర్లోనే ఉండిపోయాయి. తెల్లారేసరికి విరిగాయి. ఆ విరుగు ముక్క నాజిల్లో అడ్డం పడింది. మామగారు పంపు కొట్టారు, రాలేదు. ఇంకా గట్టిగా కొట్టారు, రాలేదు. బాల్కనీ రెయిలింగ్ అవతలికి చెయ్యి చాచి, వెలుతురులో నాజిల్ మూత ఒక్క చుట్టు వదులు చేశారు. 'బుస్'మంటూ మూత ఒక పక్కకి, పాలు మరో పక్కకి ఎగిరాయి. కింద మూడో అంతస్తు బాల్కనీలో, పండక్కి కట్టి తీసి గాలికి ఆరేసిన మెరూన్ రంగు కంచిపట్టు చీర. కొంగు నుంచి కుచ్చిళ్ల దాకా తెల్లమచ్చలు.

మూడో అంతస్తావిడ తల పైకెత్తి, "బాబాయిగారూ, ఏం పోశారండీ?" అంది.

"ఆకులకైతే మంచిదేనమ్మా!" అన్నారు మామగారు, చేతిలో స్ప్రేయర్‌తో.

డ్రైక్లీనింగ్ డబ్బులు నావి. షాపతను ఏం మరక అని అడిగితే పాలని చెప్పాను. "ఏ గుళ్లో అభిషేకం సార్?" అన్నాడు భక్తిగా. రాజీ కింద మొదటి సొరకాయ మూడో అంతస్తుకే ఇస్తామని మామగారు మాటిచ్చేశారు. అప్పటికి పాదుకి పిందె కూడా లేదు.

చివరికి మా బావమరిది, తన స్నేహితుడైన ఒక ఏఈవోని వీడియో కాల్‌లో కలిపాడు. వ్యవసాయ శాఖ మనిషి కదా, మందు చెబుతాడని మామగారు కాగితం, పెన్నుతో కూర్చున్నారు. అతను తెర మీద మా బాల్కనీని కాసేపు చూసి, "సార్, ముందుగాల అవన్ని నీళ్లతోని కడుగుర్రి. రోగమేదో మందేదో నాకు కనవడ్తలేదు. రెండు రోజులాగి మల్ల చూపియ్యుర్రి" అన్నాడు.

కడిగాం. రెండు రోజులాగి మళ్లీ అతనికి వీడియో కాల్‌లో చూపించాం. కరివేపాకు మీది చుక్కలు తడిగుడ్డతో తుడవగానే పోయాయి. అవి బోరునీళ్ల ఉప్పు, మా కుళాయిలకీ బకెట్లకీ కట్టే తెల్లపొరే. ఆకుల మీద నీళ్లు కొట్టటం మాని మొక్క మొదలు దగ్గర పోయమన్నాడు. గుమ్మడి మచ్చలు ఎంత రుద్దినా పోలేదు, పెరగనూ లేదు. ఈనెలు చీలేచోట వెండి మచ్చలుండటం కొన్ని గుమ్మడి రకాల పుట్టు లక్షణమట. ఆరోగ్యంగా ఉన్నదానికి ఇన్నాళ్లు చాకిరీ చేశామని మామగారికి కాస్త చిన్నతనమైంది.

సొరపాదు ఆకుల మీద మాత్రం గుండ్రటి తెల్లపొడి మళ్లీ వచ్చింది. వేలితో తుడిస్తే వేలికంటింది. అదీ అసలు బూడిద తెగులు. చలికాలం రాత్రి తేమ, పగలు పొడి వాతావరణం దానికి పండగే. ముదిరిన ఆకులు కోసి పారేసి, నీళ్లలో కరిగే గంధకం కలిపి, పాదు మొక్కలకి అది పడకపోవచ్చు కాబట్టి ముందు ఒకట్రెండు ఆకుల మీదే చూసి, ఎండ చల్లబడ్డాక కొట్టమన్నాడు. ఎండ 32 డిగ్రీలు దాటితే గంధకానికి ఆకు మాడుతుందట.

మందారానిది తెగులే కాదు, పురుగు. పుల్లతో ఆ దూదిని కదిపితే లోపల లేత గులాబీ రంగు నల్లులు కాళ్లు ఆడిస్తూ బద్ధకంగా కదిలాయి. పిండినల్లి. ఒంటికి మైనం పూత ఉంటుంది కాబట్టి వట్టి నీళ్లు జారిపోతాయి. చీమలు దాని తియ్యటి జిగురు కోసం వచ్చి, దానికి కాపలా కాస్తాయి. స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచి, లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి ఆకు అడుగున తగిలేలా వారానికోసారి కొట్టమన్నాడు.

"రెండూ కలిపి అన్నిటికీ ఒకేసారి కొట్టేస్తే?" అన్నారు మామగారు.

"వద్దు సార్! నూనె కొట్టినంక రెండు వారాల దాక ఆ చెట్టుకు గంధకం కొట్టొద్దు, ఆకులు మాడ్తయి."

మాటల్లో అతను, 2008లో కోయంబత్తూరులో బయటపడిన బొప్పాయి పిండినల్లి గురించి చెప్పాడు. దాన్ని అణచటానికి 2010లో ప్యూర్టోరికో నుంచి అసెరోఫాగస్ అనే చిన్న కందిరీగను తెప్పించారట. మామగారు పెన్ను మూత తీసి, "ఆ కందిరీగ ఎక్కడ దొరుకుతుంది బాబూ?" అన్నారు. మా ఆవిడ కాల్ కట్ చేసింది.

సొరపాదు తేరుకునేదాకా కదిలేది లేదని మామగారు తెనాలి టికెట్టు రద్దు చేయించారు. సాయంత్రం విచ్చిన మగపువ్వు కోసి ఆడపువ్వుకి తనే అద్దేవారు. పిందె పడింది. పడిందెక్కడా? రెయిలింగ్ దాటి కిందికి వేలాడిన తీగకి, సరిగ్గా మూడో అంతస్తు బాల్కనీ ఎదురుగా. రోజూ వంగి చూసి, ఇంకో వారం ఆగాలని లెక్క వేసుకుంటూ ఉండగానే ఓ ఉదయం తీగ బోసిగా కనిపించింది.

"అమ్మా, సొరకాయ కోశారా?" అని పైనుంచి కేకేశారు.

"ఇందాకే కోశాను బాబాయిగారూ! పాలు పోసి కూర చేస్తున్నాను."

"మళ్లీ ఎందుకమ్మా, మేం పోసే ఉంచాం కదా!" అన్నారు మామగారు.