ఊరికి పట్టుకెళ్లే లాప్‌టాప్

థాంక్స్‌గివింగ్ సేల్స్ మొదలవగానే ఇక్కడ అమెరికాలో మన వాట్సాప్ గ్రూపుల్లో ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది: "డిసెంబర్‌లో ఇండియా వెళ్తున్నాం, అమ్మానాన్నలకు లాప్‌టాప్ తీసుకెళ్లాలి. రెండు వందల డాలర్లలో ఏది మంచిది?" వెంటనే ఎవరో ఒకరు జవాబిస్తారు: "వాళ్లు చేసేదేముందండీ, యూట్యూబ్, వీడియో కాల్, బ్యాంకు పని. ఏదో ఒకటి తీసుకోండి." ఈ సలహా తప్పని నా గట్టి అభిప్రాయం.

మన ఆఫీసు లాప్‌టాప్ ఆగిపోతే టికెట్ పెడతాం, ఐటీ వాళ్లు చూసుకుంటారు. సొంతది ఆగిపోతే మనమే కుస్తీ పడతాం. తెనాలిలోనో కరీంనగర్‌లోనో డెబ్బై ఏళ్ల మనిషి ముందు అది ఆగిపోతే ఎవరు చూస్తారు? బాగుచేసుకునే వీలు ఎవరికి తక్కువో వాళ్లకే గట్టి కంప్యూటర్ ఇవ్వాలి. మనం మాత్రం మంచిది మన దగ్గర ఉంచుకుని, నాసిది వాళ్లకు పంపుతున్నాం.

ఆ రెండు వందల డాలర్ల కొత్త లాప్‌టాప్‌లో ఏముంటుందో చూడండి. చాలావాటిలో 4 జీబీ ర్యామ్ (పని నడిచేటప్పుడు వాడే మెమరీ), అదీ బోర్డుకే సోల్డర్ చేసి ఉంటుంది కాబట్టి తర్వాత పెంచలేం. ఫైళ్లు దాచుకునే డిస్క్‌గా వేగమైన ఎస్ఎస్‌డీ ఉందనుకుంటాం గానీ లోపల ఉండేది 64 జీబీ ఈఎంఎంసీ, చాలా నెమ్మది రకం. విండోస్ 11 కి మైక్రోసాఫ్ట్ చెప్పే కనీస అర్హత కూడా సరిగ్గా అంతే. కొన్న రోజే అది అంచు మీద ఉన్నట్టు. విండోస్, దాని అప్‌డేట్లు, మనవల ఫోటోలు నాలుగు చేరేసరికి డిస్క్ నిండిపోతుంది. ఆపైన చోటు చాలక పెద్ద అప్‌డేట్ ఎక్కదు. తెర విషయం ఇంకా బాధ కలిగిస్తుంది. 1366 బై 768 చుక్కల టీఎన్ (చవక రకం) తెరను కొంచెం వంచితే చాలు, రంగులు వెలిసిపోతాయి. కళ్లజోడు పెట్టుకుని తెలుగు ఒత్తులు, గుడులు పోల్చుకోవాల్సిన వాళ్లకు రోజూ అదే శ్రమ.

అలాగని వెయ్యి డాలర్లు పెట్టమని నేను చెప్పను. మ్యాక్‌బుక్ ఎయిర్ మంచి మెషీనే. 2020 చివర్లో వచ్చిన ఎం1 మోడల్ నుంచి అందులో ఫ్యాన్ లేదు కాబట్టి దుమ్ము లోపలికి లాక్కోదు. 2024 అక్టోబర్ చివరి నుంచి కొత్తవి 16 జీబీ మెమరీతోనే మొదలవుతున్నాయి. కానీ ఆపిల్ దానికి చెప్పే వాడకపు ఉష్ణోగ్రత 35 డిగ్రీల వరకే. మే నెలలో ఏసీ లేని గదిలో విజయవాడ ఎలా ఉంటుందో మనకు తెలుసు. పైగా స్టోరేజీ బోర్డు మీదే ఉంటుంది. కాఫీ ఒలికి బోర్డు పోతే ఫోటోలూ దాంతోపాటే పోవచ్చు.

నేను చెప్పేది మూడో దారి. కంపెనీలు తమ ఉద్యోగులకిచ్చే లాప్‌టాప్‌లు ఉన్నాయి కదా: థింక్‌ప్యాడ్ టీ సిరీస్, డెల్ ల్యాటిట్యూడ్, హెచ్‌పీ ఎలీట్‌బుక్. మూడు నాలుగేళ్లకు లీజు తీరి ఇవి రీఫర్బిష్డ్ మార్కెట్‌కి, అంటే వాడినవాటిని సరిచేసి అమ్మే చోటికి వస్తాయి. కొత్తలో వెయ్యి డాలర్లు దాటిన మెషీన్ అప్పుడు మూడు నాలుగు వందల్లో దొరుకుతుంది. వీటిని విప్పి బాగుచేయడానికి వీలుగానే తయారుచేస్తారు. చాలా మోడళ్లలో వెనుక మూత స్క్రూలు తీస్తే బ్యాటరీ, ఎస్ఎస్‌డీ ఎదురుగా కనిపిస్తాయి. లెనోవో అయితే థింక్‌ప్యాడ్‌ని విప్పే విధానమంతా బొమ్మలతో సహా మాన్యువల్‌గా ఉచితంగా ఇస్తుంది. బ్యాటరీ మాత్రం కొన్నప్పుడే కొత్తది వేయించండి, పాతదాని మీద నమ్మకం పెట్టుకోవద్దు.

ఇక్కడ ఒక చోట చాలామంది మోసపోతున్నారు. విండోస్ 10 కి సపోర్ట్ 2025 అక్టోబర్ 14 న అయిపోయింది, కాబట్టి విండోస్ 11 నడిచేదే తీసుకోవాలి. విండోస్ 11 కి ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం (జనరేషన్), ఆపైన ప్రాసెసర్ కావాలి. అమ్మేవాళ్లు "కోర్ ఐ7" అని పెద్ద అక్షరాల్లో రాసి ఆరో తరందాన్ని అంటగడతారు. ఐ5, ఐ7 చూసి మురిసిపోకుండా ఆ పక్క నంబర్ చదవండి. 6300 అంటే ఆరో తరం, వదిలేయండి. 8350 అంటే ఎనిమిది, 1135 అంటే పదకొండు. పదకొండో తరం, 16 జీబీ ర్యామ్, ఫుల్ హెచ్‌డీ ఐపీఎస్ తెర (ఏ పక్క నుంచి చూసినా రంగులు మారని రకం) దొరికితే ఇంకేం వెతకక్కర్లేదు.

వీడియోలు, ఈమెయిల్ తప్ప ఇంకేం అవసరం లేదంటే గూగుల్ క్రోమ్‌ఓఎస్‌తో నడిచే క్రోమ్‌బుక్ కూడా సరిపోతుంది. 2021 నుంచి వచ్చిన వాటికి గూగుల్ పదేళ్ల అప్‌డేట్లు ఇస్తోంది. ఆ పదేళ్లు మనం కొన్న రోజు నుంచి కాకుండా దాని హార్డ్‌వేర్ ప్లాట్‌ఫాం విడుదలైనప్పటి నుంచి లెక్క.

అసలు ఇక్కడినుంచే మోసుకెళ్లాలా అన్నది కూడా ఆలోచించండి. ఇక్కడి కాస్ట్‌కో స్టోర్లో కొంటే 90 రోజుల్లో వాపసు ఉంది, రెండో ఏడాది వారంటీ ఉంది. మనం ఇక్కడ వాడుకునే దానికి అవి నిజంగా పనికొస్తాయి. కానీ గుంటూరులో పాడైన దాన్ని తిప్పి ఇవ్వడానికి ఎవరు తెస్తారు? ఇండియా కస్టమ్స్‌లో పద్దెనిమిదేళ్లు నిండిన ప్రయాణికులకి తలా ఒక లాప్‌టాప్‌కి సుంకం లేదన్న మాట నిజమే, అడాప్టర్ 240 వోల్టులకీ పనిచేస్తుంది, ప్లగ్ వైరు మారిస్తే చాలు. కానీ ఇక్కడ కొన్న చాలా మోడళ్ల వారంటీ అక్కడ చెల్లదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది, అందరూ సీటీసీ అంటారు. ఐటీ కంపెనీలు వదిలేసిన ల్యాటిట్యూడ్‌లు, థింక్‌ప్యాడ్‌లు, వాటి కీబోర్డులు, బ్యాటరీలు అక్కడ అమ్ముతారు. దుకాణం రసీదు, వాళ్ల వారంటీ చేతిలో ఉంటే అమ్మానాన్నలకు అడగడానికి ఒక మనిషంటూ ఉంటాడు.

ఏది కొన్నా ముందు ఒక ఫోన్ చేయండి. అమ్మానాన్నలకు ఇప్పుడు ఫోన్లో సెట్టింగ్స్ మార్చిపెడుతున్నది ఎవరో కనుక్కోండి: పక్కింటి డిగ్రీ అబ్బాయో, పిన్ని కూతురో. వాళ్లకి విండోస్ మాత్రమే తెలిస్తే, మ్యాక్ ఎంత మంచిదైనా ఆ ఇంటికి పంపకండి.