సవరణ: థేమ్స్ పంక్తులు 1642 నాటివి కావు

పదిహేడో శతాబ్దపు ఆంగ్ల కవి జాన్ డెన్‌హమ్ రాసిన ‘కూపర్స్ హిల్’ కవిత మీద మొన్న పెట్టిన పోస్టులో, థేమ్స్ నదితో కవి మాట్లాడే ప్రసిద్ధమైన నాలుగు పంక్తులు 1642 తొలి ముద్రణలోనే ఉన్నాయని రాశాను. అది తప్పు. నీలా ప్రవహించగలిగితే బాగుండునని, లోతుగా ఉన్నా తేటగా, నిండుగా ఉన్నా పొంగిపొర్లకుండా సాగాలని కోరుకునే ఆ పంక్తులు అచ్చులో మొదట వచ్చింది 1655 నాటి సవరించిన ప్రతిలో. పాత ముద్రణలను పోల్చి చూపే పరిష్కృత ప్రతిలో ఈ తేడా స్పష్టంగా ఉంది. అదే కవితలో వచ్చే దుప్పి వేట ఘట్టం మాత్రం 1642లోనూ ఉంది.

ఈ తేదీ చిన్న విషయం కాదు. ఈ రెండు ముద్రణల మధ్యలో ఇంగ్లండులో రాజుకీ పార్లమెంటుకీ అంతర్యుద్ధం నడిచింది, 1649లో చార్లెస్ రాజుకు శిరచ్ఛేదం జరిగింది. డెన్‌హమ్ రాజు పక్షం మనిషి. గట్టు దాటని నది మీద అతని మక్కువను ఆ వెలుగులో చదవాలి.